బతికున్నోడి ఆకు

పాపాయికి డెబ్భై దాటినా పేరు మాత్రం పాపాయే. పుట్టిన కొత్తలో కొబ్బరి ఎస్టేటు గుమాస్తా వచ్చి బిడ్డ పేరేమిటని అడిగితే, ఇంకా ఏమీ అనుకోలేదు బాబూ, పాపాయి అని పిలుచుకుంటున్నాం అన్నాడట తండ్రి. గుమాస్తా తొందరలో ఉన్నాడు. అదే రాసుకుని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తర్వాత పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, మొగుడు పోయాడు, మోకాళ్ళు పోయాయి, పాపాయి మాత్రం పాపాయిగానే ఉండిపోయింది. "ముసలి పాపాయి" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, అమ్మబోయిన చీపురు బేరం మధ్యలోనే వెనక్కి లాక్కుంటుంది. ఇంకోసారి ఆ ఇంటికి చీపురు పుట్టదు.

చీపుళ్ళే ఆమె బతుకుతెరువు. మలేషియాలో ఆమె ఉండే బాగన్ దాతుక్ చుట్టుపక్కల కొబ్బరి చెట్లకు కరువు లేదు గనక రాలిన కమ్మలకూ కరువు లేదు. వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, కాళ్ళు బారజాపుకుని, చిన్న కత్తితో ఒక్కొక్క ఆకునూ చీల్చి ఈనె తీస్తూ ఉంటుంది. ఇంటి వెనక తోటలకు తవ్విన కాలవ. దాన్ని అక్కడందరూ పరిట్ అంటారు. సముద్రం పోటెక్కిందంటే ఆ కాలవలో నీళ్ళు వెనక్కి నడుస్తాయి. తెల్లవారేసరికి దాని మీద పొగమంచు లేచి, పెరట్లోకి వచ్చి, అడిగేవాళ్ళు లేరని వంటింట్లోకి కూడా వచ్చేస్తుంది. ఆ ఊరు సగం నీళ్ళ మీదా సగం నిద్రలోనూ ఉంటుంది. పాపాయీ అంతే. చేతులు ఈనెలు తీస్తూనే ఉంటాయి, మనిషి మాత్రం ఎక్కడెక్కడో తిరిగొస్తుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మరీను. సిమెంటు గచ్చు మీద తలకింద చెయ్యి పెట్టుకుని ఒరిగితే చాలు, పోయినవాళ్ళంతా వరసగా వచ్చేస్తారు. మొగుడు పెద్దన్న తడిసిన లుంగీతో కాలవ దాటి వచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కాయలు కోసే పొడుగాటి వెదురు గడ పక్కన ఆనించుకుంటాడు. ఒక్క మాటా మాట్లాడడు. బతికున్నప్పుడు మాత్రం ఏం మాట్లాడి చచ్చాడు అంటుంది పాపాయి. కానీ ఆయన రాని మధ్యాహ్నం లేచాక ఆమె మొహం చూడలేం. ఆ రోజు టీలో చక్కెర ఉండదు, ఎదురు మాట్లాడినవాళ్ళకు మర్యాదా ఉండదు.

కొడుకు కవిరాజ్ తెలుక్ ఇంతాన్‌లో కాపురం. కొబ్బరికాయల లారీ తోలుతాడు, కౌలాలంపూర్ పక్కనున్న టోకు మార్కెట్టుకి. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే తమిళమే వస్తుంది. ఒళ్ళు మండితే మాత్రం అమ్మ భాష. ఒకరోజు మార్కెట్లో గోనె చిరిగి కాయలన్నీ దొర్లిపోతే, వాడు తెలుగులో నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఏరుకుంటున్నాడు. పక్కన క్యాబేజీల గుట్ట దగ్గర కుళ్ళిన ఆకులు తీసేస్తున్న ఒక బర్మా అమ్మాయి తలెత్తింది. బుగ్గలకు వాళ్ళ దేశపు చెక్క గంధం, తలకు తువ్వాలు. ఆ అమ్మాయి నెమ్మదిగా, "అన్నియ్యా, అమ్మని తిట్టకు. కాయలేటి సేసినాయి," అంది.

కవిరాజ్ చేతిలో కాయ మళ్ళీ కిందపడింది.

ఆ అమ్మాయి పేరు పైడమ్మ. కాగితాల మీద తీడా అని ఉంటుంది, బర్మాలో బడికి పంపేటప్పుడు పెట్టిన పేరు. మౌల్మీన్ దగ్గర ముడోన్ వైపు ఒక పల్లె. మన శ్రీకాకుళం వైపు నుంచి ఒకప్పుడు ఒక ఓడ మలయాకి వస్తే ఇంకో ఓడ బర్మాకి పోయింది, అంతే తేడా. పాపాయి పెద్దలు ఈ ఓడెక్కారు, పైడమ్మ పెద్దలు ఆ ఓడెక్కారు. ఇప్పుడు అక్కడ పటాలం వాళ్ళు ఇళ్ళలోకొచ్చి వయసులో ఉన్న మగవాళ్ళను పట్టుకుపోయి తుపాకులిస్తున్నారని, మొగుడు అప్పన్నా తానూ పారిపోయి వచ్చారు. వచ్చారు అనకూడదు. పైడమ్మ వచ్చింది.

మార్కెట్టు చుట్టుపక్కల పోలీసు సోదాలు ఎక్కువైనప్పుడు ఆమెకు తలదాచుకునే చోటు పోయింది. కవిరాజ్ ఖాళీ లారీలో ఎక్కించుకొచ్చి తల్లి వాకిట్లో దించాడు.

"అమ్మా, కొన్ని రోజులే లా. అక్కడ శాన సుసాగా ఉంది," అన్నాడు. కష్టం అని ఆ మలాయ్ మాటకు అర్థం. వాడి తెలుగులో ప్రతి మూడో మాటా, చివర తగిలించే ఆ లాతో సహా, అలా ఎక్కడో అక్కడ అరువు తెచ్చిందే.

"ఇదేటి, సత్రం అనుకున్నావేటి? రేపు పోలీసోలు నన్ను ఎత్తుకుపోతే నీ పెల్లాం వొండి పెడతాదా నాకు?" అని పాపాయి అందుకుంది. ఇంకా అనేదే. వాకిట్లో నిలబడ్డ పిల్ల, "పెద్దమ్మా, కాల్లు కడుక్కోడానికి కాసిన్ని నీలిత్తావా," అంది.

ఆ గొంతు వయసు ముప్ఫై ఉండొచ్చు, ఆ మాట మాత్రం పాపాయి అమ్మమ్మది. మలాయ్ ముక్క లేదు, తమిళం ముక్క లేదు. చచ్చిపోయినవాళ్ళు తప్ప ఎవరూ తనతో అలా మాట్లాడి ఎన్నేళ్ళయిందో. ఆవిడ లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కవిరాజ్ ఇదే సందని లారీ తిప్పుకుని వెళ్ళిపోయాడు.

పైడమ్మ పనిమంతురాలు. నాలుగు రోజుల్లో ఈనెలు తీయడంలో పాపాయిని మించిపోయింది. మించిపోయిందని పాపాయి ఒప్పుకోదు, అది వేరే సంగతి. మోటారు సైకిలు చప్పుడు వినబడితే మాత్రం కత్తి కింద పెట్టి, పిల్లి కన్నా మెత్తగా వెనక కొబ్బరి వరసల్లోకి వెళ్ళిపోయేది. వచ్చింది చేపలవాడే అని పాపాయి కేకేసినా వెంటనే వచ్చేది కాదు. వచ్చాక కూడా దారి వైపే చెవి పెట్టి ఉండేది. ఐక్యరాజ్య సమితి వాళ్ళిచ్చే శరణార్థి కార్డుకి పేరు రాయించుకుంది, అది ఎప్పుడొస్తుందో వాళ్ళకే తెలియదు. వచ్చినా పట్టుకునేవాడు పట్టుకుంటూనే ఉంటాడని మార్కెట్లో చెప్పుకునేవారట.

ఇద్దరికీ ఒక అలవాటైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక, టీ గ్లాసులు పక్కన పెట్టుకుని, ఈనెలు తీస్తూ ఎవరి కల వాళ్ళు చెప్పుకునేవారు. పాపాయి పెద్దన్న గురించి చెప్పేది. పైడమ్మ "నాకో కలొచ్చినాది పెద్దమ్మా" అని మొదలుపెట్టేది.

ఆమె కలలో రబ్బరు తోట ఉండేది. చీకట్లో ఒకరి జబ్బ ఒకరు పట్టుకుని వరసగా నడిచేవారు. ముందున్నవాడు ఆగితే అందరూ ఆగేవారు. మెడలోతు ఏరు దాటుతుంటే చెప్పులు తేలిపోయేవి, వాటి వెంట చూపు పోకూడదు. ఎవరి చేతిలోనో పసిబిడ్డ ఏడవబోతే, తల్లి తన చెయ్యి బిడ్డ నోట్లో పెట్టి, బిడ్డ కొరుకుతున్నా తియ్యకుండా నడిచేది. ఇంకో కలలో ఒక ఇల్లు. కిటికీలకు చెక్కలు కొట్టేసి, బయట తాళం. లోపల ఎంతమంది ఉన్నారో ఊపిరి చప్పుడును బట్టి తెలుసుకోవాలి. తిండి పెట్టేవాడు తలుపు ఒక బెత్తెడు తెరిచేవాడు, ఆ బెత్తెడు వెలుతురు కోసం అందరూ మొహాలు చాచేవారు. ఇంకో కలలో పైడమ్మ ఒక బండిలో టమాటా బుట్టల కింద పడుకుని, పైనుంచి కారుతున్న రసాన్ని నెత్తురనుకుని, ఎవరిదో తెలియక, తన ఒళ్ళే తడుముకునేది.

పాపాయి మొదట్లో "ఏటి గుంటా ఈ పాడు కలలు, తొంగునేముందు కాల్లు కడుక్కో" అని కసిరింది. కొన్నాళ్ళకు గాని ఆవిడకు తట్టలేదు, అవేవీ కలలు కావని. జరిగిందాన్ని జరిగిందని చెప్పడానికి ఆ పిల్లకు నోరు రాదు. కల అంటే చెప్పగలదు. ఆ సంగతి తెలిశాక పాపాయి కసరడం మానేసి, "ఊ, తరవాత?" అని మాత్రమే అనేది. కాలవలో నీళ్ళు వెనక్కి నడుస్తుండేవి, కథా అలాగే నడిచేది.

కథ ఎప్పుడూ ఒక చోట ఆగిపోయేది. బర్మా సరిహద్దు దాటి సయాంలో, ఇప్పటి థాయ్‌లాండులో, అడుగుపెట్టాక రబ్బరు తోట చివర రెండు బండ్లు నిలబడి ఉంటాయి. ఆడవాళ్ళు ఇందులో, మగవాళ్ళు అందులో అంటాడు తీసుకొచ్చినవాడు. అప్పన్న ఆమె చేతిలో తన తువ్వాలు పెట్టి, "తెల్లారేతలికి కలుసుకుంటాం, పో" అంటాడు. ఆడవాళ్ళ బండి వచ్చేసింది. రెండోది రాలేదు. తీసుకొచ్చినవాడి ఫోను పని చెయ్యడం మానేసింది. సయాం చెరలో ఉన్నారన్నారు కొందరు. బండి లోయలో పడిందన్నారు కొందరు. తిప్పి బర్మా పటాలానికే అప్పగించారని ఇంకొకరు. అది జరిగి రెండో వానాకాలం.

"ఎక్కడో ఉన్నాడు పెద్దమ్మా," అనేది పైడమ్మ, ఈనె మీదే చూపు పెట్టి.

ఆ మాట వింటే పాపాయి లేచి టీ గ్లాసులు తీసేసేది. ఎందుకంటే ఆవిడ ఇలాంటి మనిషిని ఒకరిని చూసింది. వాళ్ళ అమ్మమ్మ. జపాను వాళ్ళ కాలంలో ఎస్టేటు కూలీలను సయాం నుంచి బర్మాకు రైలుదారి వెయ్యడానికి పట్టుకుపోయినప్పుడు, పాపాయి తాత కూడా పోయాడు. పొద్దున్న చుట్ట కాల్చుకుని పనికి వెళ్ళినవాడు మరి రాలేదు. వెళ్ళినవాళ్ళలో తిరిగొచ్చింది కొందరే, వాళ్ళు కూడా ఎముకల పోగులై వచ్చారు. అమ్మమ్మ బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. దీపావళి ముందు రోజు ఇళ్ళలో పోయినవాళ్ళకు అరిటాకులు వేసి, ఇష్టమైనవి వడ్డించి, కొత్త బట్టలు పెట్టి, తలుపు మూసి, వాళ్ళు తినేదాకా బయట కూర్చునే ఆచారం అక్కడ అందరికీ ఉంది. అమ్మమ్మ మాత్రం మొగుడికి ఆకు వెయ్యనిచ్చేది కాదు. "సచ్చినోలు కల్లోకొచ్చి ఆకలని అడుగుతారు. ఆయన ఒక్కనాడూ అడగనేదు. అడిగితే అప్పుడేస్తాను," అనేది. ముసలితనంలో కళ్ళు మసకబారాక, గుమ్మంలోకి ఎవరొచ్చినా లేచి నిలబడి "వచ్చినావా" అని అడిగేది. ఎండుకొబ్బరి కొనే చీనావాడిని అడిగింది, టపా మనిషిని అడిగింది, ఆఖరికి సొంత అల్లుడిని అడిగింది. పిల్లలు నవ్వేవారు. పాపాయి కూడా నవ్వింది, చిన్నప్పుడు. పెద్దయ్యాక ఆ ముసలిదానికి స్నానం చేయించేటప్పుడు నవ్వు రాలేదు. అమ్మమ్మ పోయిన ఏడు పాపాయి తల్లి రెండాకులు వేసింది, ఒకటి తల్లికి, ఒకటి తండ్రికి. అప్పటినుంచీ వేస్తూనే ఉన్నారు.

దీపావళికి వారం ఉందనగా ఒక మధ్యాహ్నం పైడమ్మ నిద్రలోంచి నవ్వుతూ లేచింది. ఆ ఇంట్లో ఆమె నవ్వుతూ లేవడం అదే మొదలు.

"కల్లోకొచ్చినాడు పెద్దమ్మా. ఎదురుగా కూకున్నాడు. ఆకలేస్తంది, ఏటన్నా పెట్టవే అన్నాడు."

ఇది నిజం కలే. పాపాయి చేతిలో కత్తి ఆగిపోయింది. పిల్ల మొహం చూసింది. అయిపోయింది అనుకుంది లోపల. అడిగేశాడు. పాపం, ఏ అడవిలో పడి ఉన్నాడో, రెండేళ్ళుగా మెతుకు పెట్టే దిక్కు లేక ఆఖరికి పెళ్ళాం కలలోకి వచ్చాడు. పిచ్చిపిల్ల, అర్థం కాక నవ్వుతోంది. దీనికి ఎవరో ఒకరు ఈ సంగతి తేల్చకపోతే, రేపు ఇది కూడా గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళందరినీ వచ్చినావా అని అడుగుతుంది.

నోటితో చెప్పడానికి పాపాయికి ధైర్యం చాల్లేదు. ఎవరికీ ఏ మాటా దాచని మనిషి, ఈ ఒక్క మాట దగ్గర దొంగ వేషాలు వేసింది. "మీ ఆయనకి ఏ కూర ఇష్టమే?" అని ఊరికే అడిగినట్టు అడిగింది. వంకాయ, ఎండురొయ్యలూ అని పైడమ్మ ఎంతో సంబరంగా చెప్పింది. ఆమె పెళ్ళిలో అత్తగారు ఆ కూర వండిన సంగతి కూడా చెప్పింది. "పొడుగా, పొట్టా?" అంటే లేచి నిలబడి తన తలపైన చెయ్యి పెట్టి చూపించింది. పాపాయి సంతలో గళ్ళ చొక్కా కొని, చీరల అడుగున దాచింది.

దీపావళి ముందు రోజు సాయంత్రం. పొద్దుటినుంచీ కురిసిన వాన వెలిసి, ఇంట్లోకి పసుపురంగు వెలుతురు వచ్చింది. కవిరాజ్, వాడి భార్య షామిని వచ్చారు. ముందు గదిలో గోడవారగా ఆకులు పరిచారు. పెద్దన్నకు మేకమాంసం, నల్లబీరు సీసా, లుంగీ. పాపాయి తల్లికీ తండ్రికీ చీరా పంచే. అమ్మమ్మకు పొగాకు చుట్ట, తాతకు ఇంకొకటి. ఆ వరస చివర, ఎవరూ చూడకుండా, పాపాయి ఇంకో ఆకు వేసింది. వేడన్నం, వంకాయ ఎండురొయ్యల కూర, పక్కన మడత విప్పని గళ్ళ చొక్కా.

పైడమ్మ వంటింట్లోంచి గారెల పళ్ళెం తెచ్చింది. ఒక్కొక్క ఆకులో రెండేసి వేసుకుంటూ వచ్చి, చివరి ఆకు దగ్గర వంగి ఆగింది.

"ఇదెవులికి పెద్దమ్మా?"

పాపాయి సాంబ్రాణి పొగ కళ్ళల్లో పడ్డట్టు మొహం తిప్పుకుంది. పైడమ్మ కూర చూసింది. చొక్కా చూసింది. గారెల పళ్ళెం నెమ్మదిగా నేల మీద పెట్టింది. కూర్చుని, ఆకును రెండు చివరలా పట్టుకుని ఎత్తింది. నాలుగు మెతుకులు గచ్చు మీద పడ్డాయి. ఆకును గుండెలకు దగ్గరగా పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా, వంటింట్లోంచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

పెద్దలకు వేసిన ఆకును కదపడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. షామిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కవిరాజ్ తల్లివైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వు అడిగినావా ఆమెని?"

"అడిగితే వొద్దంటాది."

"అదే కదా లా," అన్నాడు వాడు.

పాపాయికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు గనక ఇంకా ఎక్కువ వచ్చింది. చకచకా కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టి, అందరినీ బయటకు తోలి తలుపు మూసింది. కొడుకూ కోడలూ అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ ఇల్లు చుట్టి వెనక్కి వెళ్ళింది.

పైడమ్మ కాలవ మీద చెక్క వంతెన మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఆకు. కింద పోటునీరు కొబ్బరి చెట్ల నీడల్ని మోసుకుంటూ వెనక్కి పోతోంది. అవతలి గట్టు మంచులో కనబడడం లేదు. ప్రపంచం ఆ వంతెన దగ్గర అయిపోయినట్టుంది. పాపాయి మోకాళ్ళు తిట్టుకుంటూ పక్కన కూలబడింది.

"పటాలమోలు సంపనేదు పెద్దమ్మా," అంది పైడమ్మ, నీళ్ళ మీదే చూస్తూ. "అడివి సంపనేదు. నువ్వు కూరొండి సంపీసినావు."

పాపాయి ఆమె ఒళ్ళో ఆకు వైపు చూపించింది. "కల్లో ఆకలని అడిగినాడన్నావు గదే."

"అడిగినాడు. బతికున్నాడు గాబట్టే అడిగినాడు. సచ్చినోడికి ఆకలేటి?"

ఇన్నేళ్ళుగా ఆకులు వేస్తోంది పాపాయి. ఎవరూ ఆవిడను ఆ మాట అడగలేదు.

"నాను రేపెల్లిపోతాను," అంది పైడమ్మ.

"ఎక్కడికెల్తావు?"

"మార్కెట్టుకే. అక్కడ నా మొగుడు సచ్చిపోనాడని ఎవులూ అనరు. ఎవులి మొగుల్ల కోసం ఆలు సూసుకుంటారు."

అప్పుడు పాపాయి చెప్పింది. అమ్మమ్మ సంగతి అప్పటిదాకా ఎవరికీ, కొడుక్కి కూడా, అలా చెప్పలేదు. రైలు పనికి పోయిన తాత, తియ్యని గాజులు, గుమ్మంలో లేచి నిలబడడం, చీనావాడిని అడగడం. "నాను నవ్వినానే. సిన్నప్పుడు, అందరితోపాటు. నువ్వు అలగయిపోతావని బయమేసి ఆకేసినాను. అంతే. నా బుద్ది అంతే," అంది. ముక్కు చీది చెంగుతో తుడుచుకుంది.

పైడమ్మ ఒళ్ళోని ఆకును సర్దుకుంది. తర్వాత, "రైలు పనికా?" అంది.

"ఆ. జపానోలు."

"మా ఊర్లో ఒక తాతుండీవోడు. మలయా తాత అనీవోలం. రైలు పనికి తెచ్చినారంట. జొరమొస్తే సచ్చిపోనాడని గట్టు మీద పారీసి పోనారంట. మా ఊరోలు ఎత్తుకొచ్చి గంజి పోసినారు. మరి ఎనక్కెల్లనేదు. అక్కడే పెల్లి సేసుకున్నాడు. పిల్లలు, మనవలు. నాను బడికెల్తన్నప్పుడు సచ్చిపోనాడు."

పాపాయికి చెట్లూ నీళ్ళూ ఒక్క క్షణం కదలడం మానేసినట్టనిపించింది. "పేరేటి?"

"తెల్దు. మలయా తాతే."

"కొబ్బరి సెట్టెక్కీవోడా?"

"మా ఊర్లో అందరూ ఎక్కీవోలే పెద్దమ్మా."

"మలయాలో పెల్లాం ఉందని సెప్పీవోడా?"

పైడమ్మ ఆలోచించింది. "సాయంత్రమయితే ఎవులితోనూ మాటాడీవోడు కాదు," అంది.

ఆయనే అని చెప్పడానికి ఏమీ లేదు. ఎన్ని ఎస్టేటుల నుంచి ఎంతమందిని పట్టుకుపోయారో. కానీ ఆయన కాదని చెప్పడానికి కూడా ఏమీ లేదు. పాపాయి కళ్ళకు ఒక ముసలాయన కనబడ్డాడు. ఇక్కడ అమ్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడ్డ సాయంత్రాల్లోనే, అక్కడ ఆయన ఇంకొకతె వడ్డించిన వేడన్నం కలుపుకుంటున్నాడు. ఇక్కడ తన తల్లి ఆయనకు ఆకు వేసి తలుపు మూసి బయట కూర్చుంటే, అక్కడ మనవలు ఒళ్ళో ఎక్కి ఆడుకుంటున్నారు.

"దొంగసచ్చినోడు," అంది పైకే. అంటూనే నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది, అది మాత్రం తొందరగా ఆగలేదు. చిన్నప్పుడు నవ్వినదానికి కూడా కలిపి ఏడ్చింది.

"అమ్మమ్మ ఈ మాట ఇనుంటే గుండాగి సచ్చీది," అంది చివరికి.

"నేదు పెద్దమ్మా." పైడమ్మ మొదటిసారి ఆవిడ వైపు తిరిగింది. "ఆవిడ కూడా నాలాగే అనుకునీది. నా మొగుడు ఎక్కడో ఒకతెని సేసుకుని, పిల్లల్ని కని, నన్ను మరిసిపోయినా సరే. నాకెప్పుడూ కనబడకపోయినా సరే. బతికుంటే సాలు."

ఆ మాట అన్నాక పైడమ్మకు కన్నీళ్ళు రాలేదు. పాపాయికే మళ్ళీ వచ్చాయి. ఆ పిల్ల పిచ్చిది కాదు, అమ్మమ్మా పిచ్చిది కాదు. అన్నీ లెక్కేసుకునే, తమకేమీ మిగలదని తెలిసే, ఇద్దరూ బతికున్నాడనే పక్షాన నిలబడ్డారు. ఇన్నేళ్ళకు ఆ సంగతి పాపాయికి తెలిసొచ్చి, తల వంగిపోయింది.

ముందు వైపు నుంచి కవిరాజ్ కేకేశాడు. "అమ్మా, తలుపు తియ్యాలా?"

"ఆగు. తిననీ ఆలని," అంది పాపాయి. తర్వాత పైడమ్మతో మెల్లగా అంది. "ఇంకెప్పుడూ ఆకెయ్యను. నువ్వు సెప్పినదాకా ఎయ్యను."

"నాను సెప్పను."

"సెప్పకు."

దూరంగా ఎవరో ముందే బాణసంచా మొదలుపెట్టారు, చప్పుడు మంచులోంచి మెత్తగా వచ్చింది. ఒళ్ళో ఆకు కేసి చూసి పైడమ్మ, "మరి దీన్నేటి సెయ్యడం?" అంది.

పెద్దలకు పెట్టింది పెద్దలు తిన్నాకే ముట్టాలి. కానీ ఇది పెద్దలది కాదు. పాపాయి ఈ విషయంలో ఏ ఆచారం ఉందో ఆలోచించి, ఏదీ లేదని తేల్చుకుంది. "మొగుడి కంచంలో పెల్లాం తినకపోతే ఇంకెవులు తింతారు. సల్లారిపోతంది, తిను," అంది.

పైడమ్మ కూర వేళ్ళతో అన్నంలోకి లాక్కుని, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. పెద్దల కోసం వండేది రుచి చూడకుండా వండాలి గనక పాపాయి ఆ కూర నాలిక మీద వేసుకోలేదు. ఎలా ఉందోనని పిల్ల మొహం వైపే చూస్తోంది.

"ఉప్పు సాలనేదు పెద్దమ్మా," అంది పైడమ్మ రెండో ముద్ద కలుపుతూ. "ఆయనకి ఉప్పెక్కువుండాల."

పాపాయి చెక్క పట్టుకుని లేచి, ఉప్పు తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది.